అమైలేజ్ ఎవరు?

మాచర్ల బస్టాండులో, నెత్తి మాడే ఎండలో, సగం తాగిన నిమ్మసోడా చేతిలో ఉండగానే ఇస్మాయిల్ కూలిపోయాడు.

సోడాలో విషం లేదు. మెడ వెనక మాత్రం దోమ కుట్టినంత గాటు ఉంది. బస్సు కోసం ఎగబడిన గుంపులో ఎవరో ఆయన్ని రాసుకుంటూ వెళ్లారు. అంతే. ఊరందరి కళ్లముందే, చప్పుడు లేని హత్య.

ఏజెంట్ తహసీన్ అదే బెంచీకి అవతలి చివర బురఖాలో కూర్చుని ఉంది. ఒళ్లో టమాటాల సంచి, సంచి అడుగున పిస్టల్. ఇస్మాయిల్ లారీ మెకానిక్, డిపార్ట్‌మెంటుకి పాత ఇన్ఫార్మర్. ఆ ఉదయమే ఫోన్ చేసి, "వాళ్ల కిటుకు దొరికింది బేటీ. ఫోన్లో చెప్పేది కాదు, రా" అన్నాడు. ఆమె వచ్చింది. ఆయన ముందు దాహం తీర్చుకుని తర్వాత చెబుదామనుకున్నాడు.

తహసీన్ ఆయన తలని ఒళ్లోకి తీసుకుంది. "చాచా, ఎవరు? పేరు చెప్పు."

ఆ ప్రశ్నే తప్పన్నట్టు ఇస్మాయిల్ తల అడ్డంగా ఊపాడు.

"ఎంగిలి," అన్నాడు. "ఎంగిలి చూడు బేటీ."

ఆ తర్వాత ఆయన నోట మాట రాలేదు.

*

నరసరావుపేటలో ఆర్.ఓ. వాటర్ ప్లాంటు ముందు నీళ్ల టిన్నుల ఆటో ఆగి ఉంది. ప్లాంటులో నీళ్లు నిజంగానే అమ్ముతారు. ఫిల్టర్ల వెనక ఇనపతలుపు తీస్తే మాత్రం డిపార్ట్‌మెంటు ఆఫీసు. అక్కడ చీఫ్ అంతోని తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఎంగిలిని ఢిల్లీకి ఏమని పంపారు సార్?" అంది తహసీన్.

"లెఫ్టోవర్స్."

"సార్!"

"నన్ను చూస్తావేందమ్మా? ట్రాన్స్‌లేషన్ సెల్ రాసింది. మాచర్ల హోటళ్ల చెత్తబుట్టలు వెతకమని ఆర్డరొచ్చింది. వెతకతన్నారు."

"చాచా ఎవరి విస్తరి గురించో చెప్పలేదు సార్. నోరు తాకిన గ్లాసూ ఎంగిలే. కొరికిచ్చిన జామకాయా ఎంగిలే. అది ఇంకేదో."

"ఆ ఇంకేదో ఏందో ఇంగ్లీషులో చెప్పు, ఇప్పుడే పంపిస్తా."

తహసీన్ నోరు మూసుకుంది. ఈ ఉద్యోగంలో ఆమె ఎక్కువగా చేసే పని అదే.

టెక్ ఆఫీసర్ రుచిత వైట్ బోర్డు దగ్గర నిలబడింది. బ్రీఫింగ్ మొదలైంది.

టార్గెట్ ఒక విదేశీ ముఠా. పైకి ఉచిత దంతవైద్య శిబిరాలు. పల్లెల్లో పళ్లు చూస్తామని చెప్పి, వచ్చినవాళ్ల చేత చిన్న గొట్టాల్లో ఉమ్మించుకుంటారు. ఆ ఉమ్మిని ల్యాబులో పరీక్షించి, దానిలోని రక్షణ ప్రోటీన్లని పనిచేయకుండా చేసే ఒక మందు తయారుచేశారు. అది తాగునీళ్లలో కలిస్తే మనిషి నోరే మనిషికి శత్రువవుతుంది. పుళ్లు పడతాయి, ఫంగస్ పాకుతుంది, అన్నం ముద్ద గొంతు దిగదు. ఈ సంగతి బయటపెట్టింది అదే ల్యాబులో పనిచేసిన యశస్విని. రెంటచింతల పిల్ల, బయోకెమిస్ట్రీ చదివింది. ఆ మందుకి విరుగుడు ఆమె బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. ఢిల్లీ టీమ్ వచ్చి ఆమెని విమానం ఎక్కించేదాకా ఆమె బతికుండాలి.

"మనకి దొరికిన వైర్‌లెస్ ముక్కల్లో నాలుగు కోడ్ నేమ్స్ ఉన్నాయి," అంది రుచిత. "లైసోజైమ్. హిస్టాటిన్. స్టాథరిన్. అమైలేజ్. నాలుగూ ఉమ్మిలో ఉండే ప్రోటీన్లే."

"ఉమ్మంటే నీళ్లే గదా?" అన్నాడు చీఫ్.

"దాదాపు అంతా నీళ్లే సార్. ఆ మిగిలిన పిసరులోనే పనిమంతులంతా ఉన్నారు. లైసోజైమ్ బ్యాక్టీరియా గోడలు పగలగొట్టి చంపుతుంది."

"అయితే ఇస్మాయిల్‌ని చంపినోడు వాడే."

"హిస్టాటిన్ ఫంగస్‌ని చంపుతుంది, నోట్లో గాయాలు మాన్పుతుంది. డాక్టర్ ఎవరైనా అయ్యుండొచ్చు. స్టాథరిన్ కాల్షియాన్ని కాపలా కాస్తుంది. పళ్లకి అందాల్సింది అందనిస్తూ, ఎక్కడపడితే అక్కడ గార కట్టకుండా చూస్తుంది. వీడు వాళ్ల మేనేజర్ అనుకుంటన్నా. ఇక అమైలేజ్. గంజిలో, అన్నంలో ఉండే పిండి పదార్థాన్ని ముక్కలు చేసి చక్కెరగా మారుస్తుంది. అన్నాన్ని బాగా నమిలితే తియ్యగా అయ్యేది దీనివల్లే. ముఠా మెసేజ్ ఏందంటే, 'అడ్రస్ అమైలేజ్ ద్వారా అందును.'"

చీఫ్ బల్ల మీద కొట్టాడు. "పిండి! అన్నం! వీడెవడో వంటోడు. లేదంటే రైస్ మిల్లోడు."

ఆ మధ్యాహ్నం నుంచి పల్నాటి రైస్ మిల్లుల మీద దాడులు మొదలయ్యాయి. దొరికింది తవుడు.

*

ఈలోపు యశస్వినిని దాచిన ఇళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మొదట రొంపిచెర్ల. పొలాల మధ్య రేకుల ఇల్లు. చీఫ్‌కి, తహసీన్‌కి, రుచితకి, జాస్మిన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అయినా పొద్దున్నే తలుపు దగ్గర మిరపకాయల బేరగాడి వేషంలో ఒకడు తేలాడు. తహసీన్ పెరటి గుమ్మం నుంచి యశస్వినిని బైక్ ఎక్కించి తప్పించింది. తర్వాత బెల్లంకొండ. అక్కడికీ వచ్చారు. ఈసారి గోడలో బుల్లెట్ దిగింది.

"ఇంకెన్ని ఇళ్లు తిప్పుతారక్కా?" అంది యశస్విని ఫోన్లో. "నేను పారిపోయొచ్చింది మీరు కాపాడతారని. వాళ్లకి నా అడ్రస్ మీకంటే ముందే తెలుస్తంది."

 తహసీన్ దగ్గర ఉన్నది ఒక అనుమానం. దాని పేరు జాస్మిన్.

జాస్మిన్ ఢిల్లీ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన స్టార్ ఏజెంట్. డిపార్ట్‌మెంటే ఆమెని ముఠా శిబిరంలో కోఆర్డినేటర్‌గా దూర్చింది. ఆమె నడిచొస్తే ప్లాంటులో నీళ్లు పట్టేవాళ్లు టిన్ను నిండి పొర్లుతున్నా చూసుకునేవాళ్లు కాదు. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, మోచేతి మీద మడతపెట్టిన డాక్టర్ల తెల్లకోట్లు. శిబిరం కోట్లని ఉతికించి ఇస్త్రీ చేయించి తీసుకెళ్లే డ్యూటీ ఆమెదే.

"మేడమ్ మీద నాకు నమ్మకం లేదు సార్," అంది తహసీన్.

"ఆమె సర్వీస్ రికార్డు చూశావా? నీకంటే చీరలు బాగా కడతదని కోపం."

"నేను చీరలు కట్టను సార్."

"అదే చెబుతున్నా."

తహసీన్ తన పంథాలో తాను వెతికింది. జాస్మిన్ ఫోన్ క్లీన్. బ్యాగ్ స్కానర్లో క్లీన్. చెవి కమ్మలు, చెప్పుల మడమలు, కళ్లద్దాల ఫ్రేము అన్నీ చూసింది. డిపార్ట్‌మెంటు ఇచ్చిన బగ్ డిటెక్టర్ జాస్మిన్ దగ్గర నోరు మెదపలేదు గానీ, రోడ్డు మీద ఇస్త్రీ బండిని చూసి కుయ్యోమని అరిచింది. అక్కడున్నది బొగ్గుల ఇస్త్రీపెట్టె.

ఢిల్లీ ఇంకో ఉపాయం పంపింది. అనుమానితుల లాలాజలం సేకరించండి, మిగతాది మేం చూసుకుంటాం. ఎర్రమూత ఉన్న సీసాలో తాగించి, సీసా పంపితే చాలు. ఢిల్లీ వాళ్లకేం, చెబుతారు. ఇక్కడ ఎవరి సీసా వాళ్లదైతే తప్ప మూతి తగలనివ్వరు. తహసీన్ ఎండలో నిలబెట్టి మరీ జాస్మిన్‌కి నీళ్లిచ్చింది. జాస్మిన్ సీసాని జానెడు ఎత్తున పట్టి, చుక్క ఒలకకుండా గటగటా తాగి, "థాంక్స్ తహసీన్, ఎంగిలి చేయలేదులే" అని నవ్వి ఇచ్చేసింది. చీఫూ ఎత్తే తాగాడు. రుచితా ఎత్తే తాగింది. సీసా మాత్రం శుభ్రంగా ఢిల్లీకి వెళ్లింది. 'శాంపిల్ అందలేదు, నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇవ్వవలెను' అని జవాబొచ్చింది.

ఆ రోజు తహసీన్ పిడికిలితో ఫిల్టరు ట్యాంకుని ఒక్కటి గుద్దింది. ట్యాంకుకి ఏమీ కాలేదు.

*

మూడో ఇల్లు విజయపురి సౌత్. డ్యామ్ పక్కన ఇరిగేషన్ క్వార్టర్స్. యశస్వినిని అక్కడికి చేర్చినట్టు చీఫ్ పొద్దున్నే మీటింగులో చెప్పేశాడు. జాస్మిన్ కూడా వింది. తహసీన్ వద్దని కళ్లతో సైగ చేస్తే, "కంట్లో నలుసు పడిందా?" అని అడిగాడు.

మీటింగ్ అయ్యాక జాస్మిన్ స్టోర్ రూములోకి వెళ్లింది. తహసీన్ బయట టిన్నుల వరస వెనక కూర్చుని కిటికీ సందులోంచి చూసింది. చూడడం ఒక్కటే ఆమెకి ఎవరూ నేర్పని విద్య. చిన్నప్పుడు బడిలో మాట్లాడని పిల్ల అని పేరు. మాట్లాడనివాళ్లకి చూడ్డానికి చానా టైముంటుంది.

జాస్మిన్ తెల్లకోటు ఒకటి తీసి బల్ల మీద పరిచింది. గంజి పెట్టి ఎండేసిన కోటు, అప్పడంలా బిర్రుగా ఉంది. కుడిచేతి చూపుడువేలు నోట్లో పెట్టుకుంది. తడి చేసుకుని కోటు లోపలి అంచు మీద రాసింది. మళ్లీ నోట్లో పెట్టుకుంది. మళ్లీ రాసింది.

తహసీన్‌కి మొదట ఒళ్లు జలదరించింది. పక్కవాళ్ల సీసాకి మూతి తగలనివ్వని మనిషి, ఇంకొకరు తొడుక్కునే కోటుకి ఉమ్మి పూస్తోంది!

ఆ జలదరింపులోనే ఇస్మాయిల్ గొంతు వినిపించింది. ఎంగిలి చూడు బేటీ.

ఎవరు అని అడిగితే ఆయన తల అడ్డంగా ఎందుకు ఊపాడో అప్పుడర్థమైంది. అమైలేజ్ మనిషి కాదు. సిరా.

గంజి పిండి పదార్థం. ఉమ్మిలోని అమైలేజ్ తగిలినచోట పిండి కరిగి చక్కెరైపోతుంది. కంటికి ఏమీ కనిపించదు. కానీ అయోడిన్ పూస్తే పిండి ఉన్నచోటల్లా నీలంగా మారుతుంది. ఉమ్మితో రాసిన అక్షరాలు మాత్రం తెల్లగా మిగిలిపోతాయి. అయోడిన్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, దంతవైద్య శిబిరంలో ప్రతి బల్ల మీదా బీటాడిన్ సీసా ఉంటుంది. రాతని ఆపాలంటే వేడి చాలు. ఇస్త్రీపెట్టె తగిలితే అమైలేజ్ చచ్చిపోతుంది, అక్షరం ఉన్నచోటే ఉండిపోతుంది. శిబిరంలో చుట్టూ జనం, నోరు విప్పితే ఎవరో ఒకరు వింటారు; కోటైతే ఎవరి చెవినా పడదు.

వారాల తరబడి ఆమె పట్టుచీరలు చూసింది. కోట్లని చూడలేదు.

జాస్మిన్ కోట్లు ఇస్త్రీకి ఇచ్చి భోజనానికి వెళ్లగానే, తహసీన్ నాలుగు మెడికల్ షాపులు తిరిగి, గంటన్నరకి బీటాడిన్ దొరకబుచ్చుకుని ఇస్త్రీ బండి దగ్గరికి పరిగెత్తింది. యేసుపాదం పెట్టెలో బొగ్గులు ఎగదోస్తున్నాడు. పక్కన కోట్లన్నీ ఇస్త్రీ అయి మడతల్లో ఉన్నాయి.

"ఏందమ్మా, ఆ పరుగేంది? కుక్క వెంటపడ్డదా?"

"ఆ డాక్టర్ల కోట్లు ఒకసారి చూడాలి బాబాయ్."

"చూడు. సబ్బు బిళ్లల్లా చేశా."

తహసీన్ ఒక కోటు జేబు లోపలి గుడ్డ బయటికి లాగి, ఎవరికీ కనబడనిచోట బీటాడిన్ చుక్క అద్దింది. గుడ్డ నల్లనీలంగా మారింది. దాని మీద ఆవాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఇంకో కోటు జేబు. అక్కడా చుక్కలే. జాస్మిన్ రాసిన కోటు అంచు కొసన కూడా రవ్వంత అద్ది చూసింది. చుక్కలు, వాటి మధ్య పాలు ఒలికినట్టు పెద్ద తెల్లమరక. అక్షరమనేది లేదు.

"బాబాయ్, వీటిమీద ఏం చల్లావు?"

"నీళ్లు."

"దేంతో?"

యేసుపాదం కొంచెం సిగ్గుపడ్డాడు. "ఆ అమ్మగారితో అనబాకమ్మా. నోటితో చిమ్మితే ఊరుకోనని ఆమె ముందే స్ప్రే బాటిల్ కొనిచ్చింది. మన బోరునీళ్లకి దాని మూతి గార కట్టుకుపోయింది. పిన్నీసు పెట్టి పొడిచినా రాలా. ఇంక పాత పద్ధతే. పుక్కిట్లో నీళ్లు పోసుకుని, బుర్రున చిమ్మి, చుట్టలు చుట్టి పక్కన పెట్టి, తడి పదునెక్కినాక పెట్టె తోశా. ఆ పద్ధతిలో వచ్చే నునుపు బాటిల్లో యాడొస్తది?"

గార కట్టకుండా కాపలా కాసే స్టాథరిన్ మనిషి నోటికి ఉంది గానీ, స్ప్రే బాటిల్ నోటికి లేదు. పుక్కిటి నీళ్లలో కలిసిన యేసుపాదం అమైలేజ్ చుట్టల్లో తీరిగ్గా కూర్చుని గంజిని తినేసింది. ఆ తడికి జాస్మిన్ రాత కూడా నాలుగువైపులా పాకి అలుక్కుపోయింది.

తహసీన్‌కి సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అడ్రస్ పోయింది, మంచిదే. సాక్ష్యం కూడా పోయింది.

చీఫ్ అదే అన్నాడు. "ఢిల్లీ ఆఫీసర్ని పట్టుకోవడానికి నీ దగ్గరున్నదేంది? ఇస్త్రీ చేసే ఆయన ఉమ్మి!"

"ఆ పిల్లనైనా అక్కణ్నుంచి మార్చండి సార్."

"మార్చాలంటే ఢిల్లీ పర్మిషన్ కావాలి. అడిగా. పరిశీలిస్తన్నారంట."

"వాళ్లు పరిశీలించేలోపు జాస్మిన్ ఇంకోసారి రాస్తది సార్!"

చీఫ్ ఢిల్లీకి మళ్లీ ఫోన్ కలిపాడు. ఎంగేజ్. తహసీన్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"సరే. కోట్లు శిబిరానికి పోనివ్వండి. ఆ కోటు చూసి ఎవడికి కోపమొస్తదో, వాడే చదివేవాడు. అక్కడ నేనుంటా."

*

గురజాలలో శిబిరం ఒక ఫంక్షన్ హాల్లో. టోకెన్లు పట్టుకుని జనం వరండా దాకా నిండిపోయారు. బురఖా, తెల్లజుట్టు, బుగ్గలో దూది, చేతిలో అదే టమాటాల సంచి. తహసీన్ ఇప్పుడు గుల్జార్ బేగం, వయసు డెబ్బై, పంటినొప్పి.

"బూబమ్మా, నీ టోకెనెంత?" అంది వెనకున్న గ్రేసమ్మ. దిట్టమైన మనిషి, నడుం మీద చెయ్యి. "నేను పొద్దున్నుంచి ఉన్నా. ముందు దూరితే ఊరుకోను చెబుతున్నా."

"నాదే ముందమ్మా," అని మూలిగింది తహసీన్.

బురఖా కాలర్లో ఢిల్లీ పంపిన కొత్త మైకు ఉంది. వాయిస్ లాక్, పక్కన మెల్లగా మాట్లాడేవాళ్ల మాటలు పట్టదు. 'పావురం' అనే కోడ్ వర్డ్ స్పష్టంగా వినబడితేనే బయట నీళ్ల ఆటోలో ఉన్న టీమ్ ట్యాబ్ మీద పచ్చలైటు వెలుగుతుంది. లైటు వెలగందే టీమ్ కదలకూడదు. రూల్.

వరసకి అడ్డంగా కట్టిన తెర లోపల, కుర్చీ దగ్గర డాక్టర్ మార్కస్. నీలికళ్లు, పుస్తకంలో నేర్చుకున్న తెలుగు.

"అవ్వా, నోరు విశాలముగా తెరువుము. ఆహా. ఈ దంతము తీయవలెను."

తహసీన్ తల అడ్డంగా ఊపింది. చూపించుకుని కాలక్షేపం చేద్దామని వచ్చిందే తప్ప పన్ను ఇచ్చేద్దామని రాలేదు. మార్కస్ సూది దింపేశాడు. చిగుళ్లలో ఒకటి, ఇంకొకటి. చెంపల్లో దూదిచుట్టలు కుక్కి, "మొద్దుబారు వరకు వేచియుండుము" అన్నాడు.

తహసీన్ మేలిముసుగుని కళ్లమీదికి లాక్కుంది. కాసేపటికి పెదాలు తనవి కాకుండా పోయాయి.

జాస్మిన్ కోట్లతో వచ్చింది. మార్కస్ అన్నీ పక్కనపెట్టి ఒక్కటే తీసుకుని మూలనున్న పచ్చతెర వెనక్కి వెళ్లాడు. బీటాడిన్ వాసన.  తర్వాత పుస్తకంలో లేని మాట ఒకటి వినిపించింది.

"ఇది ఏమి?" తెర తొలగించి కోటు చూపించాడు. నల్లనీలం గుడ్డ నిండా తెల్లచుక్కలు. "నక్షత్రములా?"

జాస్మిన్ ముఖం పాలిపోయింది. "ఆ ముసలాడు! నోటితో చిమ్మొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పా!"

"లైసోజైమ్ సిద్ధముగా నిరీక్షించుచున్నాడు. స్థలము చెప్పుము."

జాస్మిన్ కుర్చీలో ముసల్దాన్ని చూసింది. సొల్లు కారుతున్న ముసల్ది. పట్టించుకోలేదు.

"విజయపురి సౌత్. ఇరిగేషన్ క్వార్టర్స్, చివరి వరస, నీలం తలుపు. ఒంటరిగా ఉంది."

మార్కస్ గ్లవ్స్ తీసి ఫోన్ అందుకున్నాడు.

ఇదే సమయం. తహసీన్ కాలర్ వైపు వంగి కోడ్ వర్డ్ పలికింది.

"ఆఉయం."

పెదాలు కలవలేదు. మళ్లీ ప్రయత్నించింది. "హాఉయం!"

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "ఏందో అంటంది. రుచితా, లైటేమైనా వచ్చిందా?"

"రాలేదు సార్. నొప్పికి మూలుగుతందేమో."

తహసీన్ చెయ్యి సంచిలోకి పోయింది. ఆ కదలిక ముసలామెది కాదు. జాస్మిన్ వెనకనుంచి రెండు మణికట్లూ దొరకబుచ్చుకుని కుర్చీకి నొక్కిపట్టింది. మేలిముసుగు జారింది.

"తహసీన్!" చెవి పక్కనే జాస్మిన్ నవ్వు. "రోజూ నా చీరలకేసి చూసేదానివి. ముచ్చటపడుతున్నావనుకున్నా."

"మార్చలేదు సార్ ఆ పిల్లని!" అని అరవబోయింది తహసీన్. బయటికి వచ్చింది ఒట్టి గాలి. నీలం తలుపు వెనక యశస్విని ఈ వేళ ఏం చేస్తూ ఉంటుందో, వద్దన్నా కళ్లముందు కనిపించింది.

మార్కస్ టైపు చేయడం ముగించాడు. ముఠా యాప్‌లో మెసేజ్ కదలాలంటే బొటనవేలి ముద్ర పడాలి. ఫోన్ ఆమె ముఖానికి మూరెడు దూరంలోనే ఉంది. బొటనవేలు దిగుతోంది.

చేతుల్లేవు. మాటల్లేవు. నోరుంది, నోటినిండా ఊరి నిలిచిన ఉమ్మి ఉంది. తహసీన్ ముక్కుతో ఊపిరి బిగబట్టి, బలమంతా నాలికలోకి తెచ్చుకుని, దూదిచుట్టలతో సహా ఉమ్మేసింది.

ఫోన్ మీద పడింది. వేలు మీద కూడా.

'మళ్లీ ప్రయత్నించండి' అంది ఫోన్.

మార్కస్ వేలిని కోటుకి తుడుచుకున్నాడు. గంజి కోటు దేన్నీ పీల్చుకోదు. ఉమ్మిలో మ్యూసిన్ అని ఒక ప్రోటీన్ ఉంది. అన్నం ముద్దని జారుడుగా చేసి గొంతు దించడం దాని పని. తీగలు సాగుతుంది, అంటుకుంటుంది, తుడిచేకొద్దీ పరుచుకుంటుంది. వేలి గీతలన్నీ దానితో పూడిపోయాయి.

'మళ్లీ ప్రయత్నించండి.'

'మళ్లీ ప్రయత్నించండి.'

'ఎక్కువసార్లు తప్పు ముద్ర వేశారు. కాసేపు ఆగండి.'

"ఆగుటయా!" అని మార్కస్ అరిచాడు.

ఆ అరుపుకి వరస వైపు తెర సర్రున పక్కకి జరిగింది. గ్రేసమ్మ.

"ఏందయ్యా, ఒక్క పన్నుకి ఇంత సేపా? మా పళ్లేం ఊడిపోవాలా ఇక్కడ?" అంటూనే కుర్చీ వైపు చూసింది. "ఓరి నాయనో! ముసల్దాన్ని పట్టుకుని పన్ను పీకుతున్నారు! ఒరేయ్, రండ్రా!"

వరండా మొత్తం లోపలికి వచ్చింది. జాస్మిన్ పట్టు సడలింది. తహసీన్ కాలు ఎత్తి మార్కస్ పొట్టలో తన్నింది. ఫోన్ ఎగిరి బీటాడిన్ ట్రేలో పడింది. జాస్మిన్ పక్క తలుపు వైపు దూసుకెళ్లింది. అక్కడ టోకెన్ల వరస గోడలా నిలబడి ఉంది.

"ఎటమ్మే? నీ టోకెనేది?"

"తప్పుకోండి, నేను ఆఫీసర్ని!"

"ఆఫీసరైతే లైన్లో రా."

ఈ గోల మైకులో విని ఎట్టకేలకు చీఫ్ అంతోని రూలు తప్పాడు. టీమ్ లోపలికి వచ్చేసరికి జాస్మిన్ పట్టుచీర కొంగు గ్రేసమ్మ పిడికిట్లో ఉంది.

ఫోన్లో మెసేజ్ పంపడానికి సిద్ధంగా అలాగే ఉంది. జాస్మిన్ నోటితో చెప్పిన అడ్రస్, మార్కస్ వేళ్లతో కొట్టిన అడ్రస్. ఇంతకంటే సాక్ష్యం ఢిల్లీ కూడా అడగలేదు. రుచిత మార్కస్ బొటనవేలిని సబ్బుతో కడిగించి, తుడిపించి, అదే ఫోన్ నుంచి లైసోజైమ్‌కి ఇంకో అడ్రస్ పంపింది. సాయంత్రానికి వాడు గోడలు పగలగొట్టే ఉత్సాహంతో నేరుగా పోలీసు క్వార్టర్స్ తలుపు తట్టాడు.

తహసీన్ ఫంక్షన్ హాలు మెట్ల మీద కూలబడింది. ఫోన్లో యశస్విని ఏడుస్తోంది, నవ్వుతోంది. "అక్కా, మాట్లాడక్కా, ఏదో ఒకటి అను!" తహసీన్ "ఊఁ" అంది. అంతవరకే వీలైంది.

చీఫ్ ఆమె చేతిలో టీ పెట్టాడు. మొదటి గుక్క గడ్డం మీదుగా కారిపోయింది. ఇంతలో ఆయన ట్యాబ్ తెచ్చి ముఖం ముందు నిలబెట్టాడు.

"ఢిల్లీ లైన్లో ఉంది. డైరెక్టర్ నీ నోటి నుంచే వినాలంటన్నాడు. మొదటి నుంచి చెప్పు."

తహసీన్ చెప్పింది. ఉన్న ఓపికంతా తెచ్చుకుని, చెయ్యి తిప్పుతూ, కళ్లతో సహా చెప్పింది. అటువైపు ఎవరో గొంతు సవరించుకున్నారు. లైన్ క్లియర్‌గా లేదు, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు.

నోటి మత్తు దిగడానికి ఇంకో గంట పడుతుందని నర్సు చెప్పింది. ఢిల్లీకి అర్థం కావడానికి ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేదు.